కొత్త కంప్యూటర్‌కు కాపలా

మా ఇంటికి కంప్యూటర్ వచ్చిన రోజు మా ఆయన దానికి పసుపు, కుంకుమ పెట్టాడు. ఆయన మగ్గాల మాస్టర్. సూరత్‌లో బమ్రోలి దగ్గర ఒక కార్ఖానాలో మగ్గాలు మొరాయిస్తే బాగుచేయడం ఆయన పని. అక్కడ కొత్త మగ్గం దించిన రోజు ఎలా చేస్తారో ఇక్కడా అలాగే చేశాడు. తెర మీద పెట్టబోతుంటే మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. దాంతో పక్కనున్న సీపీయూ డబ్బాకు పెట్టి తృప్తిపడ్డాడు.

నవాగామ్‌లో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కనున్న కుట్టుమిషన్‌ను లోపలికి జరిపి, అక్కడ బల్ల వేశాం. ఆ బల్ల నాది. ఇంట్లో నాదంటూ ఒక కుర్చీ, ఒక బల్ల ఉండటం అదే మొదటిసారి.

నేను జగిత్యాల దగ్గరి పల్లె నుంచి పెళ్ళై సూరత్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మొదట్లో చీరల మీద మిగిలిపోయిన దారాలు కత్తిరించే పని ఇంట్లో కూర్చుని చేసేదాన్ని. తర్వాత చీరలకు మెరుపు రాళ్ళు అంటించాను. ఆ చీరలు ఇవ్వడానికి రింగ్‌రోడ్డు వైపు వెళ్ళినప్పుడు ఒక చిన్న ఆఫీసులో పంచింగ్ పని చూశాను. పంచింగ్ అంటే కాగితం మీద గీసిన పువ్వునో, అంచునో కంప్యూటర్‌లో ఒక్కొక్క కుట్టుగా పేర్చడం. ఏ కుట్టు ఎటు వాలాలో, ఎక్కడ దారం తెగాలో మనమే చెప్పాలి. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తే ఎంబ్రాయిడరీ మిషన్ దాన్ని చదివి చీర మీద కుడుతుంది. తలుపు దగ్గర నిలబడి నేను అలా చూస్తూ ఉండిపోయాను. ఆ ఆఫీసు యజమాని గుజరాతీ పెద్దాయన. అందరూ కాకా అంటారు, నేనూ అలాగే అనేదాన్ని. "చూస్తే రాదు బేటా, లోపలికొచ్చి కూర్చో" అన్నాడు హిందీలో. అలా మొదలైంది. అక్షరం కూడబలుక్కుని చదివే నాకు మౌస్ పట్టుకోవడం దగ్గర నుంచి అన్నీ ఆయనే నేర్పాడు.

ఆ ఆఫీసులో చేరిన ఎనిమిదో ఏడు ఒక సోమవారం ఉదయం కంప్యూటర్లు తెరిస్తే డిజైన్లు ఒక్కటీ తెరుచుకోలేదు. ప్రతి ఫైలు పేరు చివర ఏవో పిచ్చి అక్షరాలు. తెర మీద ఇంగ్లీషులో ఒక ఉత్తరం: మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం, డబ్బు పంపితే తాళంచెవి ఇస్తాం అని. కాకా డబ్బు పంపలేదు. దొంగ మాట నమ్మి ఇంకోసారి మోసపోవడం ఎందుకన్నాడు. కానీ ఏళ్ళ తరబడి చేసిన డిజైన్లు పోయాయి. కార్ఖానాల వాళ్ళు కొన్నాళ్ళు ఆగి, వేరే చోటికి వెళ్ళిపోయారు. కాకా ఆఫీసు మూసేసి, కతర్‌గామ్‌లోని తన ఇంట్లో ఒక్క కంప్యూటర్ పెట్టుకుని చిన్నచిన్న పనులు చేసుకోవడం మొదలుపెట్టాడు.

అంతకు కొన్ని నెలల ముందు, పని నెమ్మదిస్తోందని, యాంటీవైరస్ తీసేయమని ఆయన్ని అడిగింది నేనే. కాకా తర్వాత ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నేనే మరిచిపోలేదు.

ఆ తర్వాత ఇంకో ఆఫీసులో పనిచేశాను. చివరికి నాలుగైదు కార్ఖానాల వాళ్ళు నేరుగా నాకే డిజైన్లు ఇస్తామనేసరికి ఇంట్లోనే పెట్టుకుందామనుకున్నాం. కంప్యూటర్ వచ్చింది. అందరూ ముందు పంచింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించమన్నారు. నేను మాత్రం ముందు కాపలా పెట్టాకే పని అన్నాను. ఏడాదికోసారి డబ్బు కట్టే రకం యాంటీవైరస్ అప్పుడే వద్దు, ఉచితంగా దొరికేవి చాలా ఉన్నాయి కదా, వాటిలో మంచిది ఏరుకుందామని నా ఆలోచన.

ఆ ఆదివారం ముగ్గురం బల్ల ముందు కూర్చున్నాం. మా అమ్మాయి కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. దానికి తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ ఒకే నోట్లో కలిసి వస్తాయి. నెట్‌లో వెతికి, అన్నిటికంటే పైన కనబడిన దాని మీద నొక్కింది. ఏదో దిగింది. దిగీ దిగగానే తెర అంతా ఎర్రగా మారి, కుయ్‌మని అరిచింది. మీ కంప్యూటర్‌లో వందల వైరస్‌లున్నాయి, వెంటనే కొనండి అని పెద్ద అక్షరాలు. నాకు మళ్ళీ ఆ సోమవారమే కళ్ళ ముందుకొచ్చింది.

మా ఆయన మాత్రం కుర్చీలో వెనక్కి వాలాడు. "గిదేంది? దీన్ని డబ్బలకెంచి తీసి గంట గూడ కాలే. గిన్ని వైరస్‌లు యాడికెంచి అచ్చినయ్?"

అమ్మాయి మౌస్ మీద నుంచి చెయ్యి తీసింది.

"మగ్గం దించంగనే ఎవడో అచ్చి, నీ మగ్గమంత ఖరాబైంది, నాతోని చేపియ్యి అంటే ఏమంటం?" అన్నాడు. "ముందుగాల వాన్ని గేటు బయటికి పంపుతం."

"పప్పా, సాచీ వాత్! నువ్వన్నది నిజమే" అంది మా అమ్మాయి. తర్వాత తెర మీదికి వంగి చూసి నాలుక కరుచుకుంది. "మమ్మీ, మనం అసలు కంపెనీ సైట్ తెరవలే. పైన యాడ్ ఉంటది గద, దాని మీద నొక్కినం. ఇది నకిలీది."

తీసేద్దామంటే అది పోనంది. ఒకచోట తీస్తే ఇంకోచోట తేలింది. చివరికి మా అమ్మాయి కాలేజీ స్నేహితురాలికి ఫోన్ చేసి, కంప్యూటర్‌ను మొదట కొన్నప్పటిలాగా మార్చే దారి కనుక్కుంది. అందులో మా సొంత ఫైళ్ళేవీ ఇంకా లేవు కాబట్టి పోయేదీ లేదు. మేం అన్నం తిని వచ్చేసరికి కంప్యూటర్ మళ్ళీ కొత్తదై, భాష ఏది కావాలని అడుగుతోంది. మా ఆయన ఇంకోసారి బొట్టు పెట్టాలా అని అడిగాడు. వద్దన్నాం.

మరునాడు పొద్దున కూరగాయల బండి దగ్గర సారు కనబడ్డారు. ఆయన మా వీధి చివర ఉంటారు. విజయనగరం వైపు వారు. రైల్వేలో సిగ్నళ్ళ ఇన్‌స్పెక్టర్‌గా చేసి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. వీధిలో తెలుగువాళ్ళకు ఏ దరఖాస్తు రాయాలన్నా ఆయన దగ్గరికే వెళతాం.

"ఏంటమ్మాయ్, కొత్త కంప్యూటర్ కొన్నారటగా! యాంటీవైరస్ ఏం వేశావు?"

జరిగింది చెప్పాను. ఆయన తల ఊపి, "అందుకే ప్రకటనల జోలికి పోకూడదు. కంపెనీ పేరు మనమే టైపు చేసి వాళ్ళ సైట్‌కే వెళ్ళాలి. నా దాంట్లో రెండున్నాయి. రెండూ ఫ్రీయే. ఒకటి పట్టుకోలేనిది రెండోది పట్టుకుంటుంది. ఎన్నేళ్ళయిందో చూడు, నాకు ఒక్క వైరస్ రాలేదు" అన్నారు.

ఆ మాట నాకు ఎంతో ధైర్యమిచ్చింది. రెండు కాపలాలంటే ఇంకేం కావాలి? ఆ సాయంత్రమే ఆయన చెప్పిన రెండింటి సైట్లూ తెరిచాం. ఈసారి తొందరపడలేదు. మా అమ్మాయి ప్రతి వాక్యం పైకి చదివి, తెలుగులో చెప్పాకే ముందుకు వెళ్ళాం. అప్పుడే నాకు ఒక సంగతి తెలిసింది. ఉచితం అని రాసినవన్నీ ఒకటి కాదు. కొన్ని ఎప్పటికీ ఉచితం. కొన్ని నెల రోజులకే ఉచితం. ఆ రెండో మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందే టిక్కు పెట్టేసిన గడులు కూడా ఉంటాయి. చూసుకోకపోతే మనం అడగని సాఫ్ట్‌వేర్ ఇంకోటి వెంటబడి వచ్చేస్తుంది. మా అమ్మాయి ఆ టిక్కులన్నీ ఏరి తీసేసింది. బియ్యంలో రాళ్ళేరినంత శ్రద్ధగా ఏరింది.

రెండూ ఎక్కించి, పంచింగ్ సాఫ్ట్‌వేర్ కూడా పెట్టి, మర్నాడు పని మొదలుపెట్టాను. ఒక మామిడిపిందె డిజైన్. దాన్ని మూడొంతులు పేర్చేసరికి కంప్యూటర్ ఆగిపోయింది. మళ్ళీ కదిలింది. మళ్ళీ ఆగింది. లోపలి ఫ్యాను హోరుమంటోంది. మధ్యాహ్నానికి ఒక యాంటీవైరస్ రెండోదాన్నే అనుమానించి, ఇది ప్రమాదకరం, తీసేయమంటారా అని అడిగింది.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చూసి, పకపక నవ్వాడు. "ఒక్క మగ్గానికి ఇద్దరు మాస్టర్లను పెట్టినవ్. ఒకడు బిగిచ్చింది ఇంకొకడు ఇప్పుతడు. ఇగ బట్ట యాడ నేస్తది?"

"సారు చెప్పిండు గద."

"సారుకు రైలు ఎర్కె. మిషిన్ల సంగతి నాకు ఎర్కె. జర ఒకదాన్ని తీసి సూడు."

తీశాను. కంప్యూటర్ మామూలుగా నడిచింది. ఈ మాట సారుతో చెప్పాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను. పెద్దాయన మనసు కష్టపెట్టుకుంటారేమోనని భయం. చివరికి వాళ్ళింటికి వెళ్ళి, మీ కంప్యూటర్ ఒకసారి తెరిచి చూపిస్తారా అని అడిగాను. ఆయన మీట నొక్కి, "కాస్త టైం పడుతుంది" అన్నారు. వాళ్ళావిడ టీ తెచ్చింది. తాగాం. ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. గ్లాసులు కడిగి బోర్లించాక కంప్యూటర్ తెరుచుకుంది.

"పాతది కదమ్మా, అందుకని" అన్నారు సారు.

"సారూ, ఒకసారి రెండింట్ల ఒకటి తీసి సూద్దామా? మా దాంట్ల గట్లనే అయింది."

ఆయన సరేనన్నారు. ఒకటి తీసి, ఆపి, మళ్ళీ తెరిచాం. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకునేలోపు తెరుచుకుంది. సారు పెద్దగా నవ్వి లోపలికి కేక వేశారు: "ఏమోయ్, ముప్పై ఏళ్ళు రైళ్ళు ఆపింది చాలక, ఇంట్లో దీన్ని కూడా ఆపుతున్నాను!" తర్వాత నాకు ఒక మంచి మాట చెప్పారు. ఏ యాంటీవైరస్ పెట్టినా, డిజైన్ల నకలు ఒకటి వేరే డిస్క్‌లో తీసి, ఆ డిస్క్‌ను కంప్యూటర్ నుంచి ఊడదీసి బీరువాలో పెట్టమన్నారు. తగిలించి ఉంచితే దొంగ దాన్ని కూడా పట్టుకుపోతాడన్నారు. ఆ పని శనివారం శనివారం ఇప్పటికీ చేస్తున్నాను.

మిగిలిన ఒక్క యాంటీవైరస్‌తోనూ నాకు పొసగలేదు. అది కాపలా బాగానే కాస్తోందేమో కానీ, ఊరుకునేది కాదు. పూల రేకుల మీద కుట్లు పేరుస్తుంటే సరిగ్గా తెర మూలలో ఒక గడి ఎగిరొచ్చేది. మీ ఫోటోలు భద్రమేనా? మీ వేగం పెంచుకుంటారా? ఇంకా మంచిది కొంటారా? నేను చెయ్యి ఎత్తి దాన్ని మూసేసరికి ఎక్కడి దాకా వచ్చానో మరిచిపోయేదాన్ని. వారం భరించి, అదీ తీసేశాను.

తీయగానే తెర మీద చిన్న మాట ఒకటి కనబడింది: రక్షణ మొదలైంది అని.

"ఎవరు మొదలువెట్టిండ్రు?" అన్నాను భయంగా.

మా అమ్మాయి చూసింది. "మమ్మీ, ఇది కంప్యూటర్‌తోనే అచ్చింది. ముందుకెంచే ఉన్నది. మనం బయటిది పెట్టంగనే పక్కకు జరిగి కూసున్నది. ఇప్పుడు మల్ల డ్యూటీ ఎక్కింది. ఫ్రీ జ ఛే, పైసలేం లేవు."

ఇన్ని రోజులు ఎక్కడెక్కడో వెతికింది ఇంట్లోనే ఉందంటే మొదట నమ్మబుద్ధి కాలేదు. మనం ఏరుకోనిది మంచిదెలా అవుతుంది? అందుకని ఒక పరీక్ష పెట్టాను. ఎక్కువ కుట్లున్న పెద్ద డిజైన్ తెరిచాను, ఆగలేదు. పెన్‌డ్రైవ్ పెట్టి వైరస్‌ల కోసం వెతకమన్నాను, వెతికింది. వారం రోజులు ఒక్కసారి కూడా ఏమైనా కొనమని అడగలేదు. కంప్యూటర్ అమ్మిన కుర్రాళ్ళను అడిగితే, అప్‌డేట్లు వచ్చినప్పుడు ఆపకుండా తీసుకుంటే ఇంటికి ఇది చాలన్నారు. అప్పుడు మనసు కుదుటపడింది.

దాంట్లోనే ఇంకో ఏర్పాటు ఉంది. తెలియని సాఫ్ట్‌వేర్ ఏదీ మన ఫైళ్ళను మార్చకుండా ఫోల్డర్లకు అడ్డు నిలబడుతుంది. కాకా ఆఫీసులో జరిగింది నా దగ్గర జరగకూడదని వెంటనే దాన్ని వేశాను. ఆ రోజు పొద్దుటి నుంచి చేసిన అంచును సేవ్ చేసి దాచుకోబోతే, వీల్లేదంది. నా పంచింగ్ సాఫ్ట్‌వేరే దానికి తెలియనిదట! నా బల్ల, నా కంప్యూటర్, నా డిజైన్, నన్నే లోపలికి రానివ్వడం లేదు. కోపం రావాల్సింది. రాలేదు. ఇంత గట్టిగా నిలబడేది ఆ రోజు ఆ ఆఫీసులో ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. మా అమ్మాయి వచ్చి, ఈ సాఫ్ట్‌వేర్ మాదే, రానివ్వు అని దానికి చెప్పాక అంచు దాచుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. పని బాగా సాగుతోంది. ఒకరోజు కాకా ఎవరి చేతనో పెన్‌డ్రైవ్ పంపాడు. అందులో ఒక పూల డిజైన్ ఉందని, దానికి అంచు నన్ను కట్టమని ఫోన్‌లో చెప్పాడు. ఆయన నాకు పని పంపడం నాకు గొప్పగా అనిపించింది. పెన్‌డ్రైవ్ పెట్టాను. తెర మూలన మాట వచ్చింది: ప్రమాదం కనబడింది, ఆపేశాను. కుయ్‌మనలేదు. ఎర్రబడలేదు. పక్కింటివాళ్ళు తలుపు తట్టి చెప్పినట్టు చెప్పింది.

అది పట్టుకున్నందుకు సంతోషించడానికి కూడా నాకు తోచలేదు. కాకాకు ఎలా చెప్పాలి? ఒకసారి వైరస్ వల్లే ఆఫీసు పోగొట్టుకున్న మనిషి. మళ్ళీ మీ దగ్గర వైరస్ ఉందని ఆయన దగ్గరే పని నేర్చుకున్నదాన్ని నేనెలా అనాలి? మా ఆయన్ని అడిగితే, "చెప్పకుంటే ఇంకో కార్ఖానాకు గట్లనే పంపుతడు. ఆడ పరువు పోతది. నువ్వే పోయి చెప్పు, ఫోన్ల చెప్పకు" అన్నాడు.

మర్నాడు పది గంటలకల్లా కతర్‌గామ్ చేరాను. కాకా వాళ్ళ వీధిలో కింది అంతస్తులన్నిటా వజ్రాలు సానపట్టే చక్రాల చప్పుడు. ఆయన గది మేడ మీద. నన్ను చూసి సంబరపడి, కుర్చీ తుడిచి వేశాడు. మంచినీళ్ళు తాగాక నెమ్మదిగా చెప్పాను.

ఆయన కంప్యూటర్ తెరిచాడు. తర్వాత, "నాకు యాంటీవైరస్ ఉంది కదా బేటా" అని తెర మూల చూపించాడు. గుర్తు ఉన్న మాట నిజమే. కానీ అది బూడిదరంగులో ఉంది. తెరిచి చూస్తే, నెల రోజుల ఉచితం అయిపోయి రెండేళ్ళు దాటింది. అంతకాలం ఆయన ఆ గుర్తును చూసుకుని ధైర్యంగా ఉన్నాడు.

ఆ నిద్రపోయినదాన్ని తీసేసి, కంప్యూటర్‌తో వచ్చినదాన్ని లేపి, మొత్తం వెతకమన్నాం. అది వెతుకుతుండగా కాకా కిటికీ వైపు చూస్తూ అసలు సంగతి చెప్పాడు. పదిహేను రోజుల కిందట ఆయన పెన్‌డ్రైవ్‌లోని డిజైన్లన్నీ మాయమయ్యాయట. ఆయన పనంతా నేరుగా పెన్‌డ్రైవ్‌లోనే దాచుకుంటాడు. ఫోల్డర్లు ఉన్నట్టే కనబడతాయి, నొక్కితే ఏమీ తెరుచుకోదు. వయసు మీదపడి తానే ఏదో చెరిపేశాననుకున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి ఒక్కొక్కటే మొదటి నుంచీ మళ్ళీ పేరుస్తున్నాడు. నాకు పంపిన పూల డిజైన్ అలా రెండోసారి చేసినదే.

"కాకా, ఆ పెన్‌డ్రైవ్ కూడా చూద్దాం" అన్నాను.

ఈ రకం వైరస్ ఫైళ్ళను చెరపదు, కనబడకుండా దాచి, వాటి స్థానంలో ఉత్త గుర్తులు పెడుతుంది అని ఈ రెండు నెలల వెతుకులాటలో మా అమ్మాయి ఎక్కడో చదివి చెప్పింది. వైరస్‌ను తీసేశాక, దాగి ఉన్న ఫైళ్ళను చూపించమని కంప్యూటర్‌కు చెప్పాను. లేతరంగులో, నీడల్లా ఒక్కో ఫోల్డరూ తేలింది. పువ్వులు, నెమలీకలు, పల్లూలు. కాకా కుర్చీ ముందుకు లాక్కుని ఒకదాన్ని తెరిచాడు. తెరుచుకుంది. ఇంకోటి తెరిచాడు. అదీ తెరుచుకుంది.

"నేను చెరపలేదు" అన్నాడు. "నా చేతులు బాగానే ఉన్నాయి."

వంటింట్లో ఉన్న భార్యను పిలిచి, గుజరాతీలో గబగబా అంతా చెప్పేశాడు. ఆవిడకు సగం అర్థమైందో లేదో కానీ, ఆయన మొహం చూసి, తినకుండా వెళ్ళడానికి వీల్లేదని నా సంచి తీసుకుని లోపల పెట్టేసింది. ముగ్గురం కలిసి భోంచేశాం. తిరుగు బస్సులో కిటికీ దగ్గర సీటు దొరికింది. ఉధ్నా దాటేవరకూ నాకు తెలియకుండానే నవ్వుకుంటూ కూర్చున్నానని ఎదుటి సీటులోని పిల్ల నన్నే చూస్తుంటే తెలిసింది.

తర్వాతి నెలలో కాకా మా ఇంటికి వచ్చాడు. మా ఆయన ఆ పూట సెలవు పెట్టాడు. నేను సర్వపిండి చేశాను. అది ఏమిటో మా ఆయన తన మగ్గాల గుజరాతీలో చెప్పబోయి తడబడుతుంటే మా అమ్మాయి అందుకుని చెప్పింది. కాకా రెండు తిని, మూడోది కాగితంలో చుట్టించుకున్నాడు. తర్వాత నా కుర్చీలో ఆయన కూర్చున్నాడు, పక్కన స్టూలు మీద నేను. పువ్వులు ఆయన పేర్చాడు, అంచు నేను కట్టాను. ఎండ కిటికీ దాటేలోపు ఒక కొత్త చీర డిజైన్ పూర్తయింది. మరునాడు అది కార్ఖానాకు వెళ్ళి కుట్టుకెక్కింది.